పల్లెటూరి మందుల షాపు - కొత్త సాధనములు



పైరుకు తెగులు వస్తే మనము ఏమి చేస్తాము? ఆకు తుంచి, తెలిసినవారికి చూపిస్తాము. ఇది పురుగా, తెగులా, ధాతులోపమా అని తేల్చుకున్న తరువాతనే మందు కొడతాము. ఎకరానికి ఎంత, ఎన్ని నీళ్ళలో కలపాలి, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అని అడుగుతాము. మరి మన ఒంటికే జబ్బు వస్తే? తిన్నగా ఊరి సెంటరులోని మందుల షాపుకు పోయి, "ఒళ్ళు నొప్పులండీ, రెండు బిళ్ళలివ్వండి" అంటాము. ఏమి బిళ్ళో అడగము. ఎన్నాళ్ళు మింగాలో అడగము. వరి చేనుకు చూపే శ్రద్ధ ఒంటికి చూపము. ఈ రోజు ఆ మందుల షాపును గురించి, అక్కడికి వచ్చిన కొత్త సాధనములను గురించి, వాటివల్ల రోగికి ఒనగూడే మేలును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పల్లెటూరిలో మందుల షాపు చిన్నదే కావచ్చును. కాని అది తెల్లవారగానే తెరుస్తారు, రాత్రి పొద్దుపోయేదాకా ఉంచుతారు. షాపు ఆసామికి ఊళ్ళో అందరూ తెలుసు. ఎవరికి షుగరు ఉన్నదో, ఎవరి కోడలు నెలతప్పినదో, ఎవరు గుండెజబ్బుతో పట్నం పోయి వచ్చారో ఆయనకు తెలుసు. ఈ ఎరిక పట్నంలోని పెద్ద షాపుకు రాదు, ఇంటికి పార్సిలు పంపే కంపెనీకీ రాదు. ఇదే చిన్న షాపుకు పెట్టుబడి. అయితే ఆ ఎరిక అంతా ఆయన తలలోనే ఉన్నది. ఆయన భోజనానికి పోయి కుర్రవాడిని కూర్చోబెడితే ఆ ఎరిక ఆయనతోనే పోతుంది. తలలో ఉన్నదానిని కాగితము మీదికి, యంత్రములోనికి తేవటమే నేను చెప్పబోయే మొదటి సంగతి.

చాలా షాపులలో ఇప్పుడు కంప్యూటరు ఉన్నది. కాని దానిని బిల్లు కొట్టటానికి, సరుకు లెక్క చూసుకోవటానికి మాత్రమే వాడుతున్నారు. ఇది ట్రాక్టరు కొని ఊరేగింపుకు మాత్రము వాడినట్లు ఉంటుంది. అదే కంప్యూటరులో రోగి ఒప్పుకుంటే ఆయన పేర ఒక పుట తెరవవచ్చును. వయస్సు, ఉన్న జబ్బులు, పడని మందులు, ఇప్పుడు మింగుతున్న బిళ్ళలు అన్నీ ఆ పుటలో రాసుకుంటే, కొత్త మందు ఇవ్వబోయేటప్పుడు పాతదానితో పొసగుతుందో లేదో చూడవచ్చును. కొన్ని రకాల ప్రోగ్రాములు పొసగని జంటను తామే పట్టి చూపుతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను వినండి. ఒక పెద్దాయనకు రక్తపోటు ఉన్నది. డాక్టరు ఆయనకు టెల్మిసార్టన్ అనే మందు, దానితోపాటు ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రములో పోగొట్టే మందు రాశారు. ఈ రెండూ ఒకే బిళ్ళలో కలిపి కూడా వస్తున్నాయి. ఆయన నాట్ల రోజులలో నడుము నొప్పి అని షాపుకు వచ్చి డైక్లోఫెనాక్ బిళ్ళలు తీసుకున్నారు. ఏ మందుకు ఆ మందు మంచిదే. కాని మూడూ కలిస్తే మూత్రపిండములకు రక్తము చాలినంత అందదు. పైగా ఎండలో పని, చెమట, తాగేందుకు నీళ్ళు తక్కువ. అలాంటప్పుడు కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బ తినవచ్చును. షాపులో ఆయన పేర పుట ఉంటే, బిళ్ళ అందించే ముందే ఆ సంగతి బయటపడుతుంది. "ఇది మీకు వద్దండీ, డాక్టరును అడిగి పారాసిటమాల్ వాడుకోండి" అని షాపువారు చెప్పగలుగుతారు. ఆ ఒక్క మాట ఒక మనిషి కిడ్నీని కాపాడవచ్చును.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీకందరికీ తెలుసును. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి తోటల నీడన, జీడిమామిడి తోటల నడుమ ఎన్నో కుటుంబాలు కిడ్నీ జబ్బుతో నలిగిపోయినవి. మూలకారణము ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. కారణము ఏదైనా కానివ్వండి, దెబ్బతిన్న కిడ్నీకి నొప్పి బిళ్ళలు మరింత చేటు అని వైద్యులందరూ ఒప్పుకున్న సంగతి. అటువంటి ఊళ్ళలో నొప్పి బిళ్ళల అమ్మకము మీద కన్నువేసి ఉంచే షాపు ఊరికి చేసే మేలు ఇంతంత కాదు. ఒకే మనిషి నెలలో నాలుగుసార్లు నొప్పి బిళ్ళలకు వస్తే, ఆ సంగతి పుటలో కనిపిస్తుంది. అప్పుడు ఆయనను కూర్చోబెట్టి, "మూత్రము, రక్తము ఒకసారి పరీక్ష చేయించుకోండి, క్రియాటినిన్ ఎంత ఉన్నదో చూపించుకోండి" అని చెప్పాలి.

కంప్యూటరు పుటవల్ల మరొక లాభము ఉన్నది. ఒకే మందు పది కంపెనీల పేర్లతో వస్తుంది. పట్నంలో ఒక డాక్టరు ఒక పేరుతో రాస్తారు, మండలంలో ఇంకొకరు ఇంకొక పేరుతో రాస్తారు. రోగి రెండూ వేరనుకొని రెండూ మింగుతాడు. షుగరు బిళ్ళ విషయములో ఇలా జరిగితే ఒంట్లో చక్కెర పడిపోయి, చేలోనే కళ్ళు తిరిగి పడిపోవచ్చును. బిళ్ళ అట్ట మీద కంపెనీ పెట్టిన పేరే కాక, మందు అసలు పేరు కూడా అచ్చువేసి ఉంటుంది. ఆ అసలు పేరును బట్టి షాపువారు లెక్క రాస్తే రెండింతలు మింగే ప్రమాదము తప్పుతుంది. జన ఔషధి దుకాణాలలో మందులు అమ్మేది కూడా ఆ అసలు పేరుతోనే. 2008లో మొదలైన ఆ దుకాణాలు 2025 నాటికి దేశములో 15 వేలకు చేరినవి.

ఇక మందు ఎలా వాడాలో చెప్పే సంగతి. "పొద్దునొకటి, రాత్రొకటి" అని షాపులో చెబుతారు. ఇంటికి పోయేసరికి ఏది పొద్దుటిదో ఏది రాత్రిదో కలిసిపోతుంది. చదువురాని ముసలమ్మ ఏమి చేస్తుంది? చిన్న అచ్చు యంత్రము ఒకటి ఉంటే, ప్రతి మందు పొట్లము మీద ఒక చీటీ అంటించవచ్చును. ఉదయానికి పొడిచే సూర్యుడు, మధ్యాహ్నానికి నడినెత్తిన సూర్యుడు, రాత్రికి చంద్రుడు. అన్నము తినక ముందైతే ఖాళీ కంచము, తిన్న తరువాతైతే నిండు కంచము. ఈ బొమ్మలు ఎవరికైనా అర్థమవుతాయి. సెల్‌ఫోనులో తెలుగులో మాట రికార్డు చేసి పంపినా మంచిదే. బీ.పీ. బిళ్ళలు నెలకు సరిపడా తీసుకున్నవారికి, అయిపోవటానికి నాలుగు రోజుల ముందు, "మీ బిళ్ళలు అయిపోవచ్చినవి" అని ఫోనుకు కబురు పంపవచ్చును. బీ.పీ. మందు ఆపి ఆపి వాడితే పక్షవాతము వచ్చే ప్రమాదము పెరుగుతుంది. తల నొప్పి తగ్గింది గదా అని మానివేయకూడదు.

మూడవది చల్లని పెట్టె, అంటే ఫ్రిజ్. గాలికుంటు టీకా మందు ఎండలో పెడితే పనికిరాదని పాడి రైతులకు తెలుసు. మనుష్యుల ఇన్సులిన్ కూడా అంతే. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో ఉంచవలెను. గడ్డకడితే అది ఇక పనికిరాదు, కనుక మంచు గడ్డలు తయారయ్యే అరలో పెట్టరాదు. కుక్కకాటు టీకాకు కూడా ఇదే 2 నుండి 8 డిగ్రీల నియమము. షాపులో ఫ్రిజ్ ఉన్నంత మాత్రాన సరిపోదు. లోపల వేడి ఎంత పెరిగినదీ, ఎంత తగ్గినదీ చూపే చిన్న ఉష్ణమాపకము ఉండాలి. రోజుకు రెండుసార్లు ఆ అంకె పుస్తకములో రాయాలి. వేడి హద్దు దాటగానే గంట కొట్టే రకములు, ఫోనుకు కబురు పంపే రకములు కూడా వచ్చినవి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచాలి. ఇన్వర్టరు ఉంటే మరీ మంచిది. ఇన్సులిన్ కొనేవారు, "మీ ఫ్రిజ్‌లో ఎన్ని డిగ్రీలు ఉన్నది?" అని అడగటానికి మొగమాటపడవద్దు. విత్తనాల షాపులో మొలకశాతము అడగటము లేదా?

ఇంట్లో ఫ్రిజ్ లేనివారు కంగారుపడవలసిన పని లేదు. వాడుతున్న సీసా చాలా రకములలో 4 వారాలు, 30 డిగ్రీలు మించని చోట, బయట నిలుస్తుంది. ఎన్నాళ్ళో అట్ట మీద చూసుకోవాలి, లేదా షాపులో చెప్పించుకోవాలి. మన వేసవి 30 డిగ్రీలతో ఆగదు గనుక, మట్టికుండలో అడుగున కొద్దిగా నీళ్ళు పోసి, సీసాను తడి తగలకుండా చిన్న డబ్బాలో పెట్టి అందులో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి. కుండలో మంచినీళ్ళు ఎందుకు చల్లబడుతున్నవో అందుకే ఇదీ చల్లగా ఉంటుంది.

నాల్గవది కొలత పరికరములు. బీ.పీ. చూసే యంత్రము, వేలి నెత్తురు బొట్టుతో చక్కెర చూసే యంత్రము ఇప్పుడు చిన్న షాపులకు కూడా అందుబాటులో ఉన్నవి. అయితే కొలత కొలతగా ఉండాలి. సైకిలు తొక్కుకుంటూ వచ్చి అలాగే చెయ్యి చాపితే బీ.పీ. ఎక్కువ చూపుతుంది. 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్ళు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కాక ఒంటి మీద చుట్టాలి. వేర్వేరు రోజులలో చూసినా 140 కి 90 లేక ఆ పైన ఉంటే డాక్టరు వద్దకు పోవాలి. షాపులోనే బిళ్ళ అడగరాదు. చక్కెర చూసే ముందు చెయ్యి సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. బెల్లము ముట్టుకున్న వేలితో చూస్తే తప్పు అంకె వస్తుంది. సూది ఒకరికి వాడినది మరొకరికి వాడరాదు. పరీక్ష పట్టీల గడువు తేదీ చూడాలి.

షుగరు బిళ్ళ మింగి, అన్నము తినకుండా చేలోకి పోయేవారికి ఒక మాట. ఒళ్ళు వణకటము, చెమటలు, గుండె దడ, కళ్ళు తిరగటము అయితే చక్కెర పడిపోయినదేమోనని అనుమానించాలి. చక్కెర 70 కంటె తక్కువకు పడితే వెంటనే మూడు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయరాదు, 108 కి ఫోను చేయాలి. షుగరు బిళ్ళ అమ్మే ప్రతి షాపువారూ ఈ మాట కూడా బిళ్ళతోపాటు ఇచ్చి పంపాలి.

ఐదవది ఫోనులో డాక్టరు. 2020 మార్చిలో ప్రభుత్వము దూరవైద్యమునకు నియమములు ఏర్పరచినది. ఈ-సంజీవని అనే సర్కారు సేవ ద్వారా, ఊరి ఆరోగ్య ఉపకేంద్రములో కూర్చొని దూరాన ఉన్న డాక్టరుతో తెర మీద మాట్లాడవచ్చును. దీనికి రుసుము లేదు. డాక్టరు రాసిన చీటీ ఫోనులోకి వస్తుంది. మందుల షాపు ఆసామి ఇక్కడ చేయగలిగిన పని ఉన్నది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగినవారిని ఉత్తచేతులతో పంపకుండా, "ఉపకేంద్రానికి పోయి డాక్టరుతో మాట్లాడి రండి" అని దారి చూపవచ్చును. దారి చూపకుండా "ఇవ్వను" అంటే ఆ మనిషి పక్క షాపుకు పోతాడు.

యాంటీబయాటిక్ అన్నప్పుడు మన భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకు వస్తారు. ఆయన నాయకత్వములో అమెరికాలో పనిచేసిన శాస్త్రజ్ఞులు 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి అందించారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. అట్టి విలువైన మందులను మనము జలుబుకూ, వైరస్ జ్వరానికీ మింగి పాడుచేస్తున్నాము. ఒకే పురుగుమందు ఏటేటా కొడితే పురుగు మొండికేస్తుందని పత్తి రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. సూక్ష్మజీవి కూడా అంతే. అందుకనే 2014 మార్చి 1 నుండి హెచ్1 జాబితా అనే నియమము అమలులోకి వచ్చినది. అందులోని గట్టి యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, కొన్ని నిద్రమాత్రలు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత అమ్మినదీ విడి రిజిస్టరులో రాసి 3 సంవత్సరాలు భద్రపరచవలెను. అట్ట మీద నిలువున ఎర్రగీత ఉంటే, అది డాక్టరు చీటీ లేకుండా వాడరాని మందని గుర్తు.

క్షయ విషయము విడిగా చెప్పాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాడు షాపుకు వచ్చి దగ్గు మందు సీసా అడుగుతాడు. సీసా ఇచ్చి పంపితే జబ్బు ముదురుతుంది, ఇంట్లో పిల్లలకు అంటుతుంది. కళ్ళె పరీక్ష సర్కారు ఆసుపత్రిలో ఉచితము. 2018 మార్చి ఉత్తరువు ప్రకారము, క్షయ మందులు అమ్మిన షాపువారు కూడా ఆ సంగతి ప్రభుత్వానికి తెలపవలెను. నిక్షయ్ అనే కంప్యూటరు లెక్కలో రోగి పేరు చేరితే, చికిత్స జరిగినన్ని నెలలూ పోషణకు డబ్బు అందే ఏర్పాటు ఉన్నది. 2018 ఏప్రిల్‌లో అది నెలకు 500 రూపాయలు. 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేశారు. కూలికి పోలేని మనిషికి ఆ వెయ్యి రూపాయలు గుడ్లకూ, పప్పుకూ అక్కరకు వస్తాయి.

నకిలీ మందుల భయము కూడా ఉన్నది. నకిలీ విత్తనము పంట తీస్తుంది, నకిలీ మందు ప్రాణము తీస్తుంది. 2023 ఆగస్టు 1 తరువాత తయారైన 300 రకముల పేరుపొందిన మందుల అట్టల మీద నలుపు తెలుపు గళ్ళ క్యూఆర్ గుర్తు ఉండవలెనని నియమము. ఫోనుతో ఆ గుర్తును చూస్తే మందు అసలు పేరు, తయారుచేసిన కంపెనీ, బ్యాచి నెంబరు, గడువు తేదీ తెలుస్తాయి. తెర మీద వచ్చినదీ, అట్ట మీద ఉన్నదీ ఒకటేనా అని చూసుకోవాలి. తేడా ఉంటే ఆ మందు వాడకుండా ఔషధ తనిఖీ అధికారికి తెలపాలి. బిల్లు తప్పక తీసుకోవాలి. బిల్లు లేనిదే ఫిర్యాదుకు బలము లేదు.

మనుష్యుల మందు పశువులకు కొనే అలవాటు గురించి ఒక మాట. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడరాదని 2006లో నిషేధించారు. ఆ మందు ఎక్కిన పశువు చస్తే, దాని మాంసము తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయినవి. మన ఆకాశములో రాబందులు కనబడకుండా పోవటానికి అదే పెద్ద కారణము. పశువుల కోసము పెద్ద సీసాలు కొనకుండా, మనుష్యుల సూదిమందు సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని 2015లో కట్టడి చేశారు. గేదెకు నొప్పి అయితే పశువైద్యుని అడగండి, మెలాక్సికమ్ వంటి మందు ఉన్నది.

మందు వాడిన తరువాత ఒళ్ళంతా దద్దుర్లు, ముఖము వాపు, ఆయాసము వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆ తరువాత 1800-180-3024 అనే ఉచిత నెంబరుకు చెప్పవచ్చును. షాపువారూ చెప్పవచ్చును, రోగీ చెప్పవచ్చును. ఒకరు చెప్పినది పదిమందికి జాగ్రత్త అవుతుంది.

ఇన్ని సాధనాలు చిన్న షాపు ఆసామి ఒక్కసారి కొనగలడా? కొననక్కరలేదు. ముందు ఉన్న కంప్యూటరులో రోగుల పుటలు తెరవాలి. అదీ లేకపోతే గళ్ళ పుస్తకము చాలు. తరువాత ఫ్రిజ్‌కు ఉష్ణమాపకము, ఆ తరువాత బీ.పీ. యంత్రము. అన్నిటికంటె ముఖ్యము రిజిస్టరు అయిన ఫార్మసిస్టు షాపులో ఉండటము. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అందించాలని చట్టము. గోడకు సర్టిఫికెట్టు వేలాడి, మనిషి మరొక ఊళ్ళో ఉంటే ఎన్ని యంత్రాలున్నా ప్రయోజనము లేదు. యంత్రము గంట కొడుతుంది, ఆ గంట ఎందుకు కొట్టినదో చెప్పవలసినవాడు మనిషే.

ఒక హెచ్చరిక. రోగి పుట ఊరి పంచాయితీ కాగితము కాదు. ఎవరికి ఏ జబ్బో మూడోమనిషికి తెలియరాదు. కంప్యూటరుకు తాళపు మాట పెట్టాలి. రోగి అనుమతి లేనిదే రాయరాదు, వద్దంటే తీసివేయాలి. మనుష్యుల సొంత వివరములను కాపాడటానికి 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము సంగతి అలా ఉంచినా, పిల్ల పెళ్ళి సంబంధము మాట్లాడుకుంటున్న ఇంటి జబ్బు సంగతి షాపు అరుగు మీద వినబడితే, ఆ ఇంటివారు మళ్ళీ ఆ షాపు గడప తొక్కరు. మందుకూ రారు.

విస్తరణ సిబ్బందికి నా మనవి. మీరు రైతుల సభలు పెట్టినప్పుడు మీ ఊరి ఫార్మసిస్టును, ఆశా కార్యకర్తను ఒక అరగంట పిలవండి. పురుగుమందు డబ్బా చీటీ చదవటము నేర్పినట్లే, బిళ్ళల అట్ట చదవటము నేర్పండి. గడువు తేదీ, అసలు పేరు, ఎర్రగీత, ఈ మూడూ గుర్తుపట్టగలిగితే చాలు, సగము చిక్కులు తీరుతాయి.

రైతు సోదరులారా, ఈసారి మందుల షాపుకు పోయినప్పుడు ఇంట్లో వాడుతున్న బిళ్ళల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకొని పట్టుకుపోండి. షాపువారి ముందు పెట్టండి. "వీటిలో ఒకదానితో ఒకటి పడనివి ఉన్నవా? రెండుసార్లు మింగుతున్నవి ఉన్నవా? కిడ్నీకి చెరుపు చేసేవి ఉన్నవా?" అని అడగండి. అడిగితే చెప్పటము ఫార్మసిస్టు విధి. అడగటము మన హక్కు.